ఎండెవర్ పగడపు దిబ్బ ఎక్కిన రాత్రి: ఓడని కాపాడింది పేడ తెరచాపేనా?

పాతపటాలు:
1770 జూన్ 11 రాత్రి కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ ఎండెవర్ ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీద ఇరుక్కుంది. ఎవరిని అడిగినా ఈ కథలో ఒకే ముక్క చెబుతారు: ఒక కుర్ర అధికారి తెరచాపకి పేడ పూసి చిల్లు మూయించాడు, ఓడ బతికిపోయింది. నా పేచీ ఈ వరస మీదే. తెరచాప వేసింది ఓడ దిబ్బ దిగిన మర్నాడు. అప్పటికే అది 23 గంటలపైన పగడపు రాతి మీద ఉండి, కిందికి దిగి, మునగకుండా తేలుతోంది. మరి ఆ 23 గంటలూ గట్టెక్కించిందేమిటి?

నా వరస ఇది. మొదట సముద్రపు పోటు, తర్వాత పారేసిన బరువు, ఆ తర్వాత పంపులు, నాలుగో స్థానంలో తెరచాప. ఎవరి ప్రయోజకత్వమూ లేని అయిదో సంగతి ఒకటుంది, అది చివర్లో చెప్తాను. కాదనేవాళ్ళు లెక్కలతో రండి.

సీసంగుండు:
కాదనను కానీ అసలు ఎక్కడం ఎందుకు ఎక్కిందో ముందు తేల్చుకుందాం. "రాత్రిపూట తెలియని తీరంలో ఓడ నడిపాడు, కుక్‌దే తప్పు" అని తేలిగ్గా అనేస్తుంటారు. ఆ రాత్రి నిండు వెన్నెల, గాలి అనుకూలం. తీరానికి దూరంగా జరగాలనే వెళ్తున్నారు. ఓడ పక్కన నిలబడ్డ మనిషి సీసపు గుండు కట్టిన తాడు వదిలి లోతు కొలుస్తూనే ఉన్నాడు. 14 బారల నుంచి లోతు పెరుగుతూ 21 బారలకి పోయింది. తొమ్మిది కావస్తుండగా ఒక్కసారిగా 12, 10, 8 బారలు. అందరినీ ఎవరి చోటికి వాళ్ళని పంపి, లంగరు దించడానికి సిద్ధమయ్యారు. ఇంతలో మళ్ళీ లోతు నీళ్ళు తగిలాయి. గండం గడిచిందనుకుని జనం వెళ్ళి పడుకున్నారు. పదకొండుకి కొన్ని నిమిషాల ముందు 17 బారలు. గుండు పైకి లాగి మళ్ళీ విసిరేలోపే ఓడ తగిలి ఆగిపోయింది.

17 బారలంటే 102 అడుగులు. ఓడకి కావలసిన నీళ్ళు 14 అడుగుల చిల్లర. అంత తేడా ఒక్క గుండు వేటు వ్యవధిలో హరించుకుపోయిందంటే పగడం ఎలా పెరుగుతుందో చూడండి. అది గోడ. ఇంగ్లండ్ చుట్టూ ఉన్న సముద్రాల్లో అడుగు మెల్లగా మెరక అవుతుంది, గుండు ముందే చెబుతుంది. కుక్ నావికం నేర్చింది అక్కడ, బొగ్గు ఓడల మీద. గుండు కాళ్ళ కిందున్న లోతు చెబుతుందేగానీ ముక్కు ముందున్న గోడ సంగతి చెప్పదు.

కొరంగి_గాలి:
ఓ చిన్న చేర్పు. గుండు అడుగున గుంట ఉంటుంది, అందులో కొవ్వు మెత్తుతారు. ఇసుకో బురదో గుల్లలో అంటుకుని పైకొస్తాయి, కింద ఏముందో తెలుస్తుంది. కొవ్వు శుభ్రంగానో నొక్కుకుపోయో వచ్చిందంటే అడుగున రాయి. 12, 10, 8 వచ్చినప్పుడే అక్కడ ఆగి లంగరేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు మనం అనుకోవచ్చు. కానీ ఎనిమిది దాటాక లోతు పెరిగింది. లోతు పెరిగే దిక్కుకి పోవడమే అప్పటిదాకా సరైన పద్ధతి.

పోటు_ఆటు:
ఇక పోటు సంగతి. ఓడ దిబ్బ మీదికి ఎక్కింది సరిగ్గా నిండు పోటు మీద. అంతకన్నా చెడ్డ ముహూర్తం ఉండదు. ఆటులో ఎక్కితే ఆరు గంటల్లో నీరు లేచి దించేస్తుంది. నిండు పోటులో ఎక్కితే నీరు తీయడమే మిగిలింది, మళ్ళీ పోటు దాకా ఓడ తన బరువంతా రాతి మీద వేసి నలగాల్సిందే.

మర్నాడు పగలు పదకొండుకి పోటు వచ్చింది. ఓడ కదల్లేదు. నీరు రాత్రి మట్టానికి అడుగున్నర తక్కువలో ఆగిపోయింది. కుక్‌కి ఇది ఊహించని దెబ్బ. కారణం ఏమిటంటే ఆ తీరంలో రోజుకి రెండు పోట్లూ సమానం కాదు. చంద్రుడు భూమధ్యరేఖకి బాగా ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నప్పుడు ఒక పోటు పెద్దదీ ఒకటి చిన్నదీ అవుతుంది. జూన్‌లో పున్నమి దగ్గరి చంద్రుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి అక్కడ రాత్రి పోటు పెద్దది. తర్వాత ఓడ బాగుచేసుకున్న నది ముఖద్వారంలో కుక్ ఇదే కొలిచి రాసుకున్నాడు: సాయంత్రం పోటు 9 అడుగులు, ఉదయం పోటు 7 అడుగులు కూడా సరిగ్గా లేదు.

అంటే ఓడని ఇరికించినదీ రాత్రి పోటే, విడిపించినదీ రాత్రి పోటే. 12వ తేదీ రాత్రి తొమ్మిదికి పక్కకి ఒరిగిన ఓడ నిటారయింది. పదిన్నరకి పది నిమిషాల ముందు తేలింది.

లంగరమ్మ:
పోటు దానంతట అది తేల్చలేదండీ, లాగారు కూడా. ఆ వరస చెప్పుకోవాలి. ముందు తెరచాపలన్నీ దించారు, లేకపోతే గాలి ఓడని ఇంకా లోపలికి తోస్తుంది. పడవలు దించి ఓడ చుట్టూ లోతు కొలిచారు. ఎటు లాగితే నీళ్ళు దొరుకుతాయో తెలియకుండా లాగితే ఇంకో రాయి మీదికి పోతుంది. పై అడ్డకొయ్యలు, పై స్తంభాలు దించి పైబరువు తగ్గించారు. తర్వాత లంగర్లని పడవల్లో దూరంగా తీసుకెళ్ళి నీళ్ళలో వదిలారు. వాటి తాళ్ళ రెండో కొస ఓడ మీదున్న లంగరు చుట్టే రాట్నానికి. మనుషులు ఆ రాట్నం తిప్పితే లంగరు రాదు, ఓడ లంగరు వైపు జరుగుతుంది. జరగాలి. మొదటి రాత్రి ఎంత బిగించినా అంగుళం కదల్లేదు.

ఇందులో చెడేది ఎక్కడంటే లంగరు అడుగుకి కరవకపోతే తాడు వదులై లంగరే వచ్చేస్తుంది. బాగా కరిచి ఓడ కదలకపోతే తాడు తెగుతుంది, తెగిన కొస మనుషుల మీదికొస్తుంది. పైగా రాతి అంచులకి తాడు ఒరుసుకుంటుంది. అందుకే ఒక్క లంగరు మీద ఆధారపడకుండా ముందూ వెనకా పక్కలా పెట్టి అన్ని తాళ్ళూ సమంగా బిగించారు.

పాతపటాలు:
మంచిది. ఇప్పుడు బరువు లెక్క. పారేసింది 40 నుంచి 50 టన్నులు: ఆరు ఫిరంగులు, అడుగున బరువు కోసం వేసిన ఇనుపదిమ్మెలు, రాళ్ళు, పీపాలు, పీపా పట్టీలు, నూనె జాడీలు, చెడిపోయిన సరుకులు, తాగేనీళ్ళు.

ఓడ కింది అంతస్తు పొడవు 97 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 29 అడుగుల 2 అంగుళాలు. బొగ్గు మోయడానికి కట్టింది కాబట్టి దాదాపు పెట్టె ఆకారం. ఈ కొలతల ఓడ ఒక అంగుళం పైకి లేవాలంటే అయిదున్నర నుంచి ఆరు టన్నులు తీసేయాలి (ఇది నా అంచనా, నీటి మట్టం దగ్గర ఓడ ఆకారాన్ని బట్టి కొంచెం అటూఇటూ). 45 టన్నులు పారేస్తే వచ్చేది ఎనిమిది అంగుళాలు. పగటి పోటుకి తక్కువైంది పద్దెనిమిది. బరువు ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? మిగతా పది అంగుళాలూ రాత్రి పోటు ఇచ్చింది.

కొరంగి_గాలి:
లెక్కలో ఓ కంత ఉంది గురూగారూ. ఓడలోకి వచ్చిన నీరో? తేలే వేళకి అడుగున 3 అడుగుల 9 అంగుళాల నీళ్ళున్నాయి. అడుగు చదునైన ఓడలో అది పదుల టన్నుల బరువు. ఒక చేత్తో పారేస్తుంటే ఇంకో చేత్తో సముద్రం నింపుతోంది. కాబట్టి మీ ఎనిమిది అంగుళాలు కూడా పూర్తిగా మిగల్లేదు. పంపులు మీ వరసలో మూడో స్థానంలో ఉండకూడదు, బరువుతో సమానంగా కట్టాలి.

పాతపటాలు:
ఒప్పుకున్నా. రెండూ ఒక మెట్టు మీద పెట్టేస్తున్నా.

సీసంగుండు:
పంపుల గొడవ కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

ఓడ మీద నాలుగు పంపులు, అందులో ఒకటి పనిచేయలేదు. మూడింటితో రాత్రీ పగలూ తోడారు. కుక్, ఓడ అధికారులు, ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ కూడా వంతులవారీగా కొట్టారు. ఒక మనిషి అయిదారు నిమిషాలకి మించి కొట్టలేక డెక్కు మీదే పడిపోయేవాడని తర్వాత అచ్చయిన వృత్తాంతం చెబుతుంది.

ఓడ తేలాక అసలు భయం మొదలైంది. దిబ్బ మీదున్నంతసేపూ రాయే చిల్లులో బిరడాలా ఉండొచ్చు. దిగితే ఆ బిరడా ఊడి, పంపులు అందుకోలేనంత నీరు వచ్చి, లోతు నీళ్ళలో మునుగుతుంది. తీరం చూస్తే 20 మైళ్ళకి పైనే, పడవలు అందరికీ చాలవు. అయినా దించే తెగింపు కుక్ చేశాడు. దిగగానే అడుగున నీరు కొలిచే మనిషి మారాడు. కొత్త మనిషి కొలత చెప్పేసరికి నీరు ఒక్కసారిగా 16, 18 అంగుళాలు పెరిగినట్టు తేలింది. అందరి గుండెలూ జారిపోయాయి.

అసలు సంగతి ఏమిటంటే ఓడ అడుగుకి రెండు పొరలుంటాయి. లోపలి పలకల వరస, బయటి పలకల వరస, మధ్యలో చట్రపు దుంగలు. పాత మనిషి కొలకర్రని లోపలి పలక మీద ఆనించి కొలిచేవాడు. కొత్తవాడు సందులోంచి బయటి పలక దాకా దించాడు. రెంటికీ తేడా సరిగ్గా ఆ 16, 18 అంగుళాలు. పొరపాటు బయటపడగానే పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి, పొద్దున ఎనిమిదికల్లా నీటి మీద పైచేయి సాధించారు.

డ్యూటీ మారేటప్పుడు "ఎక్కణ్ణుంచి కొలుస్తున్నావు" అని ఒక్కమాట అడక్కపోతే ఏమవుతుందో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు.

లంగరమ్మ:
ఇప్పుడు తెరచాప దగ్గరకొద్దాం, దాన్ని నాలుగో స్థానంలో పెట్టి చులకన చేయకండి. సలహా జోనథన్ మాంక్‌హౌస్ అనే మిడ్‌షిప్‌మన్‌ది, అంటే అధికారి కాబోయే కుర్రాడిది. అతను అంతకుముందు పనిచేసిన వర్తక ఓడకి గంటకి 48 అంగుళాల నీరు వచ్చే చిల్లు పడితే ఈ పద్ధతితోనే వర్జీనియా నుంచి లండన్ దాకా తెచ్చారు. కుక్ పని మొత్తం అతనికే అప్పగించాడు.

చేసే విధానం: పాత తాళ్ళు విప్పి తీసిన తారు నార, ఉన్ని, రెండూ సన్నగా తరిగి కలపాలి. ఒక పక్క తెరచాప పరిచి, ఈ మిశ్రమాన్ని గుప్పెడు గుప్పెడు ముద్దలుగా మూడు నాలుగు అంగుళాల ఎడంతో వరసలుగా వదులుగా కుట్టాలి. గట్టిగా కుడితే దండగ, ముద్ద ఊడి రావడమే కావాలి. పైన గొర్రెల పెంటికలో మరే చెత్తో జల్లాలి. గుర్రపు లద్దె అన్నిటికన్నా మేలని కుక్ రాశాడు, ఓడ మీద గుర్రాలు లేవు కాబట్టి గొర్రెల పెంటికలతో సరిపెట్టుకున్నారు. తర్వాత తెరచాప మూలలకి తాళ్ళు కట్టి ఓడ అడుగు కిందుగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి లాగాలి. చిల్లు ఎక్కడో కచ్చితంగా తెలియకపోయినా ఫర్వాలేదు, ముందుకీ వెనక్కీ జరుపుతూ పోవాలి. చిల్లు దగ్గరకి రాగానే లోపలికి పోయే నీరే ముద్దల్ని పీకి సందుల్లోకి లాక్కుంటుంది, వెనకే గుడ్డని అదుముతుంది.

దీని తర్వాత మూడు పంపులు కాస్తా ఒక పంపుకి దిగింది. మనుషులకి నిద్ర దొరికింది. అది చిన్న విషయం కాదు.

పోటు_ఆటు:
పేడ ఎందుకు? నార, ఉన్ని చాలవా?

లంగరమ్మ:
నార పొడుగు పోచలు పెద్ద సందులో అడ్డం పడతాయి, కానీ వాటి మధ్య నుంచి నీరు కారుతూనే ఉంటుంది. పెంటికలో అరగని గడ్డిపీచు చిన్న ముక్కలుగా ఉంటుంది, తడిస్తే ఉబ్బి, జిగురుగా ఆ ఖాళీలు నింపుతుంది. లద్దెలో ఆ పీచు ఇంకా ఎక్కువ. గోడకి మట్టిలో ఊకా పేడా కలిపి మెత్తేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

పాతపటాలు:
ఇక నేను దాచిన అయిదో సంగతి. గాలి ఎదురు తిరగడంతో నదిలోకి దూరడానికి 17వ తేదీ దాకా ఆగాల్సి వచ్చింది. దూరేటప్పుడు కూడా రెండుసార్లు ఇసుకలో కూరుకుంది. ఒడ్డుకి ఆనించి, సామాను దించి, 22న ఆటు సమయంలో అడుగు చూశారు. నాలుగు పలకలు చట్రం దాకా తెగిపోయాయి, ఇంకో మూడు దెబ్బతిన్నాయి. చీలిక లేదు, పెచ్చు లేదు, మొద్దు గొడ్డలితో ఎవరో చెక్కినట్టుంది. ఆ చిల్లులో గుప్పెడంత పగడపు రాయి విరిగి ఇరుక్కుని ఉంది. చుట్టూ తెరచాప నారా ఉన్నీ కూరుకున్నాయి. అంటే సీసంగుండు గారన్న బిరడా ఊడలేదు, విరిగి ఓడతోనే వచ్చింది. ఆ రాయి దిబ్బ వైపు ఉండిపోయి ఉంటే మూడు పంపులు ఏ మూలకి?

ఒడ్డుకి ఆనించడం కుదిరింది కూడా అడుగు చదునుగా ఉన్న బొగ్గు ఓడ కాబట్టే. ఇది 1764లో విట్బీలో 'అర్ల్ ఆఫ్ పెంబ్రోక్' పేరుతో కట్టిన ఓడ, 1768లో నౌకాదళం కొంది. అడుగు కత్తిలా ఉండే యుద్ధనౌకని అలా నిలబెడితే పక్కకి పడిపోతుంది.

కొరంగి_గాలి:
అయితే అక్కడ చూసింది సగమే. ఆటు ఎంత తీస్తే అంతే కనిపిస్తుంది. వెన్నుదుంగ పక్క భాగం నీళ్ళలోనే ఉండిపోయింది. బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, డచ్చివాళ్ళ రేవులో ఓడని పూర్తిగా పైకి లాగి చూస్తే ఆరడుగుల మేర పలక అంగుళంలో ఎనిమిదో వంతు మందం మిగిలింది. దిబ్బ ఒరిపిడికి తోడు చెక్క తొలిచే పురుగు. ఈ ఓడ అడుగుకి రాగిరేకు లేదు, పలుచటి చెక్కపొరే తొడుగు. ఆ తొడుగు దిబ్బ మీద ఊడిపోయిన చోటల్లా పురుగు దూరింది. అంత పలక మీద ఆ సముద్రమంతా దాటొచ్చారు.

సీసంగుండు:
ఓడ బాగుపడింది, మనుషులు పోయారు. బటావియాలో ఏడుగురు, అక్కడి నుంచి ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్ దారిలో ఇంకో ఇరవై మందికి పైగా, జ్వరం, రక్తవిరేచనాలతో. తెరచాప సలహా ఇచ్చిన మాంక్‌హౌస్ కూడా 1771 ఫిబ్రవరిలో పోయాడు. దానికి మూడు నెలల ముందే అతని అన్న, ఓడ వైద్యుడు విలియం, బటావియాలో పోయాడు.

పోటు_ఆటు:
అప్పటిదాకా స్కర్వీతో (సి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) ఒక్కరూ పోలేదంటారు కదా. 24 గంటలు పంపు కొట్టగలిగారంటే అదీ ఒక కారణమేనా?

లంగరమ్మ:
నిస్సందేహంగా. కానీ ఎందుకు పోలేదో కుక్‌కే సరిగ్గా తెలియదు. బయల్దేరేటప్పుడు 7,860 పౌన్ల పులియబెట్టిన క్యాబేజీ ఎక్కించారు. మనుషులు మొదట ముట్టలేదు. రోజూ అధికారుల బల్ల మీద వడ్డించి, మిగతావాళ్ళని మీ ఇష్టం అన్నాడు. వారం తిరక్కుండా కొలిచి పంచాల్సి వచ్చింది. దాంతోపాటు మొలకెత్తించిన బార్లీ కషాయం కూడా ఇచ్చాడు, తర్వాత దాన్నే తెగ మెచ్చుకున్నాడు. అందులో సి విటమిన్ దాదాపు శూన్యం. నిమ్మరసం ఇచ్చారు గానీ కాచి చిక్కబరిచింది, కాచడంతోనే సగం గుణం పోయింది. పనిచేసింది రేవు రేవునా కోయించిన ఆకుకూరలు. దిబ్బ ఎక్కే నాటికి తాహితీ నుంచి వచ్చిన తుపాయియాకీ ఖగోళవేత్త గ్రీన్‌కీ స్కర్వీ లక్షణాలు మొదలయ్యాయి, ఒడ్డు చేరాకే తేరుకున్నారు. కషాయానికి పేరు రావడంతో అసలు మందు వెనకబడింది. బ్రిటిష్ నౌకాదళంలో నిమ్మరసం మామూలు రేషన్ అయింది 1795లో.

కొరంగి_గాలి:
ఒడ్డు అన్నారు కాబట్టి అది ఖాళీ ఒడ్డు కాదని కూడా రాసుకోవాలి. అది గూగు యిమిథిర్ జనం నేల. కంగారూ మాట అక్కడ విన్నదే; వాళ్ళ 'గంగుర్రు' ఒకానొక రకం జంతువుకి పేరు, అన్నిటికీ కాదు. "నాకు తెలీదు" అని అర్థం అనే కథ ఉత్త కల్పన. ఓడ మీద తాబేళ్ళు కుప్పగా ఉంటే వాళ్ళు ఒకటి అడిగారు, ఇవ్వలేదు. వాళ్ళ నీళ్ళలో వాళ్ళ తాబేళ్ళు! కోపంతో ఎండుగడ్డికి నిప్పు పెట్టారు, కుక్ తుపాకీ పేల్చాడు, ఒకరికి గాయమైంది. తర్వాత మొన విరిగిన ఈటె పట్టుకుని ఒక పెద్దాయన రాజీకొచ్చాడు. ఆ రాజీ వాళ్ళ పద్ధతిలో జరిగింది. ఆ ఆగస్టులోనే కుక్ తూర్పు తీరమంతా తమ రాజుదని ప్రకటించాడు, అడిగింది ఎవర్ని?

సీసంగుండు:
ఆగస్టు అంటే గుర్తొచ్చింది. ఆగస్టు 16, 17ల్లో గాలి పడిపోయి కెరటాలు ఓడని మళ్ళీ దిబ్బ వైపు తోశాయి. దిబ్బ నూరు గజాల్లో ఉండగా గ్రీన్ సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం కొలిచి, "మంచి కొలతలే" అన్నట్టు రాసుకున్నాడు! రేఖాంశం కట్టడానికి ఆ యాత్రలో గడియారం లేదు, చంద్రుడే గడియారం. చంద్రుడు గంటకి అర డిగ్రీ జరుగుతాడు, భూమి 15 డిగ్రీలు తిరుగుతుంది. కొలతలో ఒక్క నిమిషం కోణం తప్పితే రేఖాంశం అర డిగ్రీ తప్పు, ఆ తీరంలో దాదాపు 29 నాటికల్ మైళ్ళు. ఆ స్థితిలో చెయ్యి వణక్కుండా కొలిచాడంటే మనిషి మామూలోడు కాదు.

పోటు_ఆటు:
పారేసిన ఫిరంగులు ఏమయ్యాయి?

పాతపటాలు:
1969లో ఫిలడెల్ఫియా ప్రకృతి శాస్త్ర అకాడమీ వాళ్ళు అయస్కాంత పరికరంతో వెతికి ఆరూ పట్టుకున్నారు, చుట్టూ పగడం పేరుకుని ఉన్నాయి. ఒకటి అక్కడికి దగ్గర్లోని కుక్‌టౌన్ మ్యూజియంలోనే ఉంది. వదిలేసిన లంగరు 1971లో దొరికింది.

పోటు_ఆటు:
చివరిగా ఒక సందేహం. మీరంతా జూన్ 11 అంటున్నారు. బ్యాంక్స్ దినచర్యలో జూన్ 10 అని ఉంది. ఎవరిది తప్పు?

కొరంగి_గాలి:
ఎవరిదీ కాదు. నౌకాదళం రోజు మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా. లాగ్‌పుస్తకంలో, అంటే ఓడ దినచర్యలో, 11వ తేదీ మధ్యాహ్నం తర్వాతి భాగమంటే మామూలు క్యాలెండర్‌లో 10 సాయంత్రం. బ్యాంక్స్ మామూలు క్యాలెండర్ వాడాడు. ఇంకో ముడి ఏమిటంటే పడమరగా భూమి చుట్టి వస్తూ వాళ్ళు ఒక రోజు కలుపుకోలేదు. కాబట్టి అక్కడి నేటి తేదీకి మార్చాలంటే మామూలు క్యాలెండర్ తేదీకి ఒకటి కలపాలి, 10 కాస్తా 11. అంటే కుక్ రాసిన సాయంత్రం తేదీలు రెండు తప్పులూ కొట్టుకుపోయి నేటి లెక్కకి సరిగ్గా కుదురుతాయి. ఉదయం తేదీలకి మాత్రం ఒకటి కలపాలి: ఆస్ట్రేలియా మొదట కనపడ్డది ఆయన పుస్తకంలో ఏప్రిల్ 19 ఉదయం, మనకి 20.